తడి కొలిచే బుర్గి

మా ఓబర్‌హాగ్‌లో వాల్‌బుర్గా అని నిండు పేరు పెట్టి పిలిస్తే ఎవరూ తిరిగి చూడరు. బుర్గి అనాలి. యాభై రెండేళ్ల మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. కోటు ఎడమ జేబులో ఎప్పుడూ రెండు సూదుల మీటరు ఒకటి పెట్టుకుని తిరుగుతుంది. ఆ సూదులు చెక్కలో గుచ్చితే లోపల తడి ఎంత శాతమో అంకె కనిపిస్తుంది. పెళ్లికి వెళ్లినా అది జేబులో ఉండాల్సిందే. ఒకసారి చర్చిలో ప్రార్థన జరుగుతుండగా ముందు బెంచీకి సూదులు గుచ్చి చూసిందని పాదిరిగారు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఆవిడ కాదనదు. తొమ్మిది శాతమే ఉంది, బెంచీకి ఏ ఢోకా లేదు అంటుంది.

వాళ్ల నాన్నది రంపపు మిల్లు. ఆయన చిటికెడు రంపపు పొట్టు నాలుక మీద వేసుకుని, ఈ పలక ఎండింది, ఇది ఎండలేదు అని తేల్చేసేవాడు. ఊరంతా ఆ నాలుకను నమ్ముకుని ఇళ్లు కట్టుకుంది. బుర్గి పంతొమ్మిదో ఏట మొదటి జీతంతో మీటరు కొని, నాన్న తేల్చిన పలకలు పది కొలిచింది. మూడు తప్పు. ఊరుకుంటే పోయేది కదా, మిల్లులో నలుగురి ముందూ ఆ మాట అనేసింది. అయితే ఏడు ఒప్పే కదా అని ఆయన నవ్వేశాడు. ఆమె నవ్వలేదు. ఆ మూడూ పక్కన పెట్టించేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

నాన్న పోయాక అన్న సెవెరిన్ ఆ మిల్లును పెద్ద వడ్రంగి కంపెనీ చేశాడు. ముప్పై ఎనిమిది మంది పనిచేస్తారు. పలకలను ఒక వరస నిలువుగా, ఒక వరస అడ్డంగా పేర్చి, జిగురు రాసి నొక్కితే గోడంత చెక్క స్లాబు తయారవుతుంది. మా వైపు ఇప్పుడు బళ్లూ ఆఫీసులూ అన్నీ వాటితోనే లేస్తున్నాయి. అక్కడి ప్రతి స్లాబూ బుర్గి సూదిపోటు తిన్నాకే గేటు దాటుతుంది. ఆమె వద్దంటే సెవెరిన్ కూడా దాటించలేడు.

నాలుగేళ్ల కింద ఊరి ముసలివాళ్ల కోసం మూడంతస్తుల ఆశ్రమం కట్టాలని పంచాయతీ తలపెట్టింది. చెక్కతోనా, కాంక్రీటుతోనా అని సభ పెట్టారు. కాంక్రీటు తరఫున కాస్పర్ లేచాడు. అప్పటికే అరవై దాటినవాడు. ఊళ్లో ఎక్కడ కాంక్రీటు కనిపించినా అది ఆయనో, ఆయన నాన్నో, తాతో పోసిందే. తాత పోసిన వంతెన తొంభై ఏళ్లుగా వాగులో కాళ్లు పెట్టుకుని నిలబడింది, తడికి బెదరదు, నిప్పుకు బెదరదు, మీ చెక్క మేడకు ఒక్క తడి చాలు, మంచాల కింద పుట్టగొడుగులు కోసుకోవచ్చు అన్నాడు. సభంతా ఘొల్లుమంది.

బుర్గి కాగితాలు పట్టుకుని లేచింది. రెండు నెలలు కూర్చుని లెక్క కట్టింది మరి. సిమెంటు కాల్చే బట్టీ, ఇనుప కడ్డీ, లారీలు అటు వేసింది. చెట్టు కోసే రంపం తాగే పెట్రోలు, పలకలు ఎండబెట్టే పొయ్యి, జిగురు ఇటు వేసింది. కాంక్రీటుతో కడితే గాలిలో కలిసే కార్బన్ పదకొండు వందల టన్నులు, చెక్కతో కడితే ఆరు వందల నలభై. చెట్టు బతికుండగా పీల్చుకుని చెక్కలో దాచుకున్న కార్బన్‌ను కూడా లాభంలో వెయ్యమని అన్న పోరాడు. ఆమె వెయ్యలేదు. అది చెక్క నిలిచినన్నాళ్లే మనది, కుళ్లిపోతే మళ్లీ గాలిదే అంది. పైగా నేలమాళిగ, లిఫ్టు గొట్టం, గదుల్లో నేల మీద పైపూత కాంక్రీటుతోనే చెయ్యాలి, అక్కడ చెక్క పనికిరాదు అని కాస్పర్ వైపు చూసి మరీ చెప్పింది. సెవెరిన్ ముఖం మాడిపోయింది.

కాస్పర్ ఒక్కటే అడిగాడు. తడిస్తే?

"తడిస్తే మీటరు చెప్తుంది మామా. చూసి చెప్పడానికి నేనున్నాగా. నా కొలత తప్పయితే వచ్చి నన్నే అడుగు."

చేతులు లేచాయి. ఊరు చెక్కకు ఓటేసిందని పత్రికలో రాశారు గానీ, ఊరు ఓటేసింది బుర్గి మాటకు. ఆ సంగతి అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

ఇక మా వైపు ఆచారం ఒకటుంది. ఎవరైనా ఇల్లు కడుతుంటే, కొప్పు దూలం పైకెక్కించే ముందు దాన్ని పొరుగువాళ్లు దొంగిలించాలి. బండి వాడకూడదు, భుజాల మీదే మోసుకుపోవాలి. తరవాత ఉత్తుత్తి కోర్టు పెడతారు. ఇంటివాళ్లు పంది మాంసం, ఆపిల్ రసం పులియబెట్టిన మోస్ట్ పీపాలు ఇచ్చి దూలాన్ని విడిపించుకుంటారు. దొంగతనం జరగని ఇంటికి ఊళ్లో మర్యాద లేనట్టే. మామూలు ఏమీ ఇవ్వకుండా మా దూలం మాకివ్వండి అని అడిగిన వాడికి అంతకన్నా అప్రతిష్ఠ. ముప్పై ఏళ్ల కింద అలా అడిగిన ఒకాయన్ని ఇప్పటికీ పిసినారి దూలం అనే పిలుస్తారు. ఆయన అసలు పేరు నాకే గుర్తులేదు.

వచ్చిన చిక్కల్లా ఆశ్రమానికి చదును కప్పు కావడమే. కొప్పు లేదు, దూలమూ లేదు. దొంగతనం చెయ్యాల్సింది ఊరి అగ్నిమాపక దళం, దాని నాయకుడు బుర్గి మొగుడు ఉల్రిష్. ఊరంతటిదీ అయిన మేడకు ఏమీ దొంగిలించకపోతే తన హయాంలో పరువు పోయినట్టేనని అన్నం సహించక తిరిగాడు. మేడ రెండో అంతస్తుకు లేచాక ఒక రోజు మధ్యాహ్నం క్నోడెల్ ఉండల గిన్నె ముందు కూర్చుని, ఆ కట్టడంలో అన్నింటికన్నా పొడుగైన వస్తువేదని పెళ్లాన్ని అడిగాడు. బుర్గి నవ్వింది. పని ఆపాక స్లాబుల మీద కప్పే టార్పాలిన్ ఉంది, పద్దెనిమిది మీటర్ల గొట్టానికి చుట్టి తూర్పు గోడ వెనక పడేసి ఉంటుంది, తాళం కూడా లేదు అంది. వాన ఆదివారం దాకా రాదని రేడియో చెప్పింది కూడా.

గురువారం సాయంత్రం ముప్పై రెండు మంది ఆ గొట్టాన్ని భుజాన వేసుకుని, బాకా ఊదుకుంటూ ఫైరుస్టేషనుకు మోసుకుపోయారు. శుక్రవారం మధ్యాహ్నానికి వాన పట్టుకుంది.

ఇంకో టార్పాలిన్ తెప్పించుకోవచ్చు కదా అని బయటివాళ్లు అడుగుతారు. తెప్పిస్తే దొంగిలించిందానికి విలువేముంటుంది? సెవెరిన్ మనుషులు చీపుర్లతో నీళ్లు తోసి సరిపెట్టారు. మామూలుగా అయితే ఒక్క పూటలో తేలే బేరం అది. కానీ కట్టిస్తున్నది పంచాయతీ. ఊరి డబ్బుతో పీపాలు కొనాలంటే సభ్యులు కూర్చుని తీర్మానం చెయ్యాలని ప్రెసిడెంటు పట్టుబట్టాడు. వాళ్లు కూర్చునేది సోమవారం.

శనివారం పొద్దున బుర్గి ఒక్కతే రెండో అంతస్తు ఎక్కింది. తూర్పు వసారా చివర, స్నానాల గదులు రాబోయే చోట, నీళ్లు చిన్న మడుగుగా నిలిచి ఉన్నాయి. సూదులు గుచ్చితే ఇరవై రెండు. పదహారు దాటకూడదు. టార్పాలిన్ ఇప్పుడే తెచ్చి కప్పాలని గబగబా దిగి, ఉత్తుత్తి కోర్టు జరుగుతున్న ఫైరుస్టేషను హాలుకు వెళ్లింది. అక్కడ ఉల్రిష్ జడ్జి వేషంలో తలకు పీచు విగ్గు పెట్టుకుని సుత్తి కొడుతున్నాడు. సెవెరిన్ దొంగల తరఫు ప్లీడరు. టార్పాలిన్ తనంతట తానే ఫైరుస్టేషనుకు నడిచొచ్చిందని వాదిస్తుంటే జనం పొట్టలు పట్టుకుంటున్నారు. అన్న అంత హాయిగా ఉండగా ఆమె ఏళ్లయి చూడలేదు. ఆయన చెల్లెల్ని చూడగానే పక్కకు జరిగి చోటిచ్చి, చేతిలో మోస్ట్ గ్లాసు పెట్టాడు.

ఇప్పుడు లేచి టార్పాలిన్ ఇచ్చెయ్యండి అంటే, అది కంపెనీది కాబట్టి ఆ పిసినారి పేరు అన్నకు జీవితాంతం అంటుకుంటుంది. ఇరవై రెండే కదా, గాలి తగిలితే ఆరుతుంది అనుకుంది. కూర్చుంది, తాగింది, నవ్వింది కూడా.

మంగళవారం టార్పాలిన్ ఊరేగింపుగా తిరిగొచ్చింది. వాన కూడా ఆ రోజే ఆగింది.

తరవాత అయిదు వారాలకు గదుల్లో పైపూత పొయ్యాల్సిన రోజు దగ్గరపడింది. చెక్క స్లాబు మీద ప్లాస్టిక్ పొర పరిచి, దాని మీద మూడంగుళాల కాంక్రీటు పోస్తారు. ఒకసారి పోశాక లోపలి తడికి బయటికి దారి ఉండదు. బుధవారం బుర్గి మళ్లీ ఆ చోటు కొలిచింది. పైపైన పదహారు. ఆమె ఊరుకోకుండా పొడుగు సూదులు బిగించి, సుత్తితో దిగ్గొట్టి చూసింది. ఇరవై ఏడు. పలకల సందుల్లోంచి నీళ్లు లోపలి వరసల్లోకి దిగి అక్కడే కూర్చున్నాయి. నాలుగు చోట్ల కొట్టి చూసింది. నాలుగు చోట్లా అదే.

అన్నకు చెప్పింది. సెవెరిన్ వేళ్ల మీద లెక్క వేశాడు. తరవాత, కిందనుంచి విప్పి ఆరబెట్టాలంటే మూడు నెలలు, ఆ మూడు నెలల ఆలస్యానికి పడే జరిమానాకు కంపెనీ నిలవదు అన్నాడు. నిలవకపోతే ముప్పై ఎనిమిది మంది ఇళ్లకు పోతారు. చెక్క మేడ తడిసిందట అని చుట్టుపక్కల నాలుగు ఊళ్లు చెప్పుకుంటాయి, ఇక ఎవడూ చెక్క మాట ఎత్తడు, నువ్వు కట్టిన లెక్క పొయ్యిలోకి పోతుంది అన్నాడు. పైపూతకు ముందు నువ్వు సంతకం పెట్టే కాగితంలో ఒక్క అంకెకే గడి ఉంది. పైన కొలిచినా కొలతే కదా అన్నాడు.

అన్నీ నిజాలే, అదే ఆమె ఖర్మ. చెక్క గొప్పదని ఊరికి చెప్పింది తను. ఇప్పుడు తడి సంగతి బయటపెడితే ఓడేది చెక్క. పెట్టకపోతే పదేళ్లకో పదిహేనేళ్లకో మంచాల కింద నేల మెత్తబడుతుంది. చెక్కలోని కార్బన్ గాలిలో కలుస్తుంది, కొత్త స్లాబులు కావాలి, అప్పుడు కాంక్రీటే నయమని తన లెక్కే చెబుతుంది. ఇరవై ఏడు అంటే, ఎలా తడిసిందంటారు. టార్పాలిన్ ఎవరు ఎత్తుకుపోయారు? మొగుడు. చోటు చెప్పిందెవరు? తను. శనివారం కొలిచి నోరు మూసుకున్నదెవరు? ఎటు తిరిగినా గోడే. ఆ గోడలు కట్టుకున్నదీ తనే.

గడిలో పదహారు అని రాసి సంతకం పెట్టింది. నాన్న నాలుకను తప్పుపట్టిన మనిషి. ఆ రోజు ఇంట్లో ఆమె ఎవరి ముఖమూ చూడలేకపోయింది. ఉల్రిష్ మాత్రం మంచి కులాసాగా ఉన్నాడు. టార్పాలిన్ దొంగతనం ఫోటోను ఫైరుస్టేషను గోడకు ఫ్రేము కట్టించి పెట్టారట, రేపు వచ్చి చూడమన్నాడు.

గురువారం ఉదయం ఎనిమిదింటికి కాంక్రీటు లారీ, పంపూ తెచ్చి కాస్పర్ కింద నిలబెట్టాడు. ఓట్లలో ఓడాక కాంక్రీటుకు మిగిలిన పనులు ఆయనకే వచ్చాయి. గొట్టం కిటికీలోంచి రెండో అంతస్తుకు లాగించి, రబ్బరు బూట్లతో తనూ పైకొచ్చాడు. పొయ్యబోయే వాడు నేలను తనే ఒకసారి పరీక్షించుకోవాలని మా దేశంలో నిబంధన. పోశాక తేడా వస్తే బాధ్యత వాడిదే. కాస్పర్ దగ్గర కూడా మీటరుంది. ఆయన దాన్ని పెట్టెలోంచి తియ్యనే లేదు.

బుర్గి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. కాస్పర్ ఆమె కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వు కొలవవా మామా?" అంది.

"నేనెందుకే? నువ్వు కొలిచావుగా."

"అయినా చూసుకోవాలి కదా."

"చూడు అమ్మాయ్. ఆ రోజు సభలో నన్ను నిలువునా ఓడించావు. ఇంటికెళ్లి నీ లెక్క మొత్తం చదివా, ఎక్కడైనా దొరుకుతావేమోనని. దొరకలేదు. నాకు రావాల్సింది కూడా తగ్గించలేదు నువ్వు. మీ అన్న కొలిచుంటే నేనూ కొలుద్దును. నువ్వు పదహారన్నావు, పదహారే." ఆయన కిటికీలోంచి కిందికి చెయ్యెత్తాడు. పంపు మోత మొదలైంది. గొట్టం ఒకసారి కదిలి బిగుసుకుంది.

ఆ నమ్మకం ఆమె మెడకు ఉరిలా పడింది. తేడా వచ్చిన రోజు పంచాయతీ పట్టుకునేది అన్నను కాదు, తనను కాదు, కాగితం నమ్మి పోసిన ఈ ముసలాయన్ని. తిడితే బాగుండేది, ఎగతాళి చేసినా బాగుండేది. గొట్టం మూతిలోంచి బూడిదరంగు ముద్ద మొదటిసారి ప్లాస్టిక్ మీద పడింది. అది తూర్పు వసారా వైపు పాకడం ఆమె చూసింది.

"ఆపు మామా. పదహారు పైనే. లోపల ఇరవై ఏడు."

కాస్పర్ ఆమె ముఖంలోకి చూశాడు. కిటికీ దగ్గరికెళ్లి చెయ్యి అడ్డంగా ఊపాడు. పంపు ఆగిపోయింది. 

"నిన్న చెప్పలేకపోయావా?" అన్నాడు మెల్లగా. "సరుకు కలిపేశానే. గంటన్నరలో గట్టిపడిపోద్ది."

 మెట్ల మీద బూట్ల చప్పుడైంది. సెవెరిన్ నలుగురు పనివాళ్లతో పైకొస్తున్నాడు. వాళ్ల వెనకే ఉల్రిష్, పెళ్లానికి ఫోటో చూపించడానికి తీసుకెళ్దామని వచ్చాడు. ఎందుకు ఆపారని సెవెరిన్ అడిగాడు.

బుర్గి నోరు తెరిచేలోపే కాస్పర్ అందుకున్నాడు. పంపు మొరాయించింది, ఇవాళ కాదు, వారం పడుతుంది అన్నాడు. ముప్పై ఏళ్లలో తన పంపు ఒక్క రోజు ఆగలేదని ప్రతి పండక్కీ డప్పు కొట్టుకునే మనిషి. కళ్లు నేలకేసి ఉంచి ఆ మాట అన్నాడు. బుర్గికి అర్థమైంది. వారం రోజులు ఇస్తున్నాడు. ఈ వారంలో మీలో మీరు ఏదో చేసుకోండి, నేనేమీ వినలేదు అంటున్నాడు.

ఆ దారి తెరిచి ఉండగా ఆమెకు ఏడుపొచ్చింది. వారంలో ఏమీ ఆరదు. వారం తరవాత అన్న మళ్లీ అదే కాగితం ఇస్తాడు, ఈసారి పోసేవాడు కాస్పర్ కాకపోవచ్చు, అంతే. తన కోసం ముసలాయన అబద్ధమాడాడు, ఇక తనూ ఒకటి ఆడితే ఈ మేడలో నిజం చెప్పే మనిషే మిగలరు.

"పంపు బాగానే ఉంది అన్నయ్యా. నేను ఆపమన్నా."

పనివాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. సెవెరిన్ ఆమె చేతిలోంచి పొడుగు సూదుల మీటరు లాక్కుని, ప్లాస్టిక్ కోసి, వసారా చివర తనే సుత్తితో దిగ్గొట్టాడు. అంకె చూశాడు. ఆ అంకె నిన్న చెల్లెలు చెప్పగా విన్నాడు గానీ కళ్లతో ఇప్పుడే చూశాడు. మోకాళ్ల మీదే ఉండిపోయాడు.

"ఎప్పట్నుంచి తెలుసే నీకు?"

"లోపల ఇంత ఉందని నిన్నే తెలిసింది. తడిసిందని మాత్రం శనివారమే తెలుసు, కోర్టు రోజు. పొద్దున కొలిచే వచ్చా హాలుకి. అప్పుడే కప్పుంటే ఇంతకి వచ్చేది కాదు."

"నా పక్కనే కూచున్నావు గదే."

"కూచున్నా. నువ్వు నవ్వుతున్నావు. గ్లాసు ఇచ్చావు, తాగా."

గుమ్మంలో ఉల్రిష్ ఇదంతా విన్నాడు. టార్పాలిన్ ఎక్కడుందో తనకెవరు చెప్పారో ఆయనకు తెలుసు. ఆ మాట అనేస్తే సగం నేరం పెళ్లాం మీదికి పోతుంది. అనలేదు. ఫైరుస్టేషనుకెళ్లి గోడమీది ఫోటో దింపేశాడని మధ్యాహ్నానికి తెలిసింది.

కాస్పర్ మాత్రం, ఇదంతా తరవాత చూసుకుందురు, కలిపిన సరుకు ఎక్కడ పొయ్యాలో ముందు చెప్పండి అన్నాడు. ఎవరూ చెప్పకపోతే లారీని వెనక స్థలంలోకి తోలి అక్కడే పోయించాడు. ఇప్పటికీ ఉందది, పనికిమాలిన బూడిదరంగు దిబ్బ. పిల్లలు ఎక్కి దూకుతుంటారు.

నేలను కిందనుంచి విప్పారు. పదకొండు వారాలు వేడిగాలి యంత్రాలు పగలూ రాత్రీ తిరిగాయి. కంపెనీ మూతపడలేదు గానీ, సెవెరిన్ అడవిలో తన వాటా అమ్ముకోవాల్సి వచ్చింది, పదిహేను మంది వేరే ఊళ్లకు పనికి పోయారు. వాళ్లలో ఇద్దరి భార్యలు ఇప్పటికీ బుర్గి ఎదురైతే వీధి దాటిపోతారు. ఆమె ఎవరూ అడగకుండానే లెక్క తిరగరాసి, యంత్రాలు తాగిన కరెంటు, పారబోసిన కాంక్రీటు, మార్చిన స్లాబులు అన్నీ చెక్క వైపు వేసి పంచాయతీకి ఇచ్చింది. ఆరు వందల నలభై కాస్తా ఏడు వందల పదైంది. ఇంకా చెక్కదే పైచెయ్యి. ఆ కాగితం కాస్పర్ ఒక్కడే చదివాడు.

సెవెరిన్ చెల్లెల్ని పనిలోంచి తియ్యలేదు. తీస్తే కొలవడానికి ఇంకో మనిషి లేడు. మాట్లాడ్డం మాత్రం మానేశాడు. కొలవాల్సిన స్లాబుల మీద సుద్దతో గీత గీసి వెళ్లిపోయేవాడు. ఆమె అంకె పక్కన రాసేది. పనివాళ్లు ఆమె రాగానే కబుర్లు ఆపేసేవాళ్లు. మానేసి వెళ్లిపోదామంటే ఎక్కడికి పోతుంది? చేతకాక పోయిందంటారు, కొలవడం తప్ప ఇంకో విద్యా రాదు. పొద్దున్నే అదే గేటు, అదే మీటరు. అలా ఏడు నెలలు చేసింది.

ఆ వసంతంలో పక్క ఊళ్లో బడి కడుతున్నారు. మొదటి అంతస్తు పైపూతకు అంతా సిద్ధమై, పంపు మోగుతోంది. పొద్దు వాలేలోగా ముగించాలని సెవెరిన్ అరుస్తున్నాడు. బుర్గి మూలగదిలోంచి బయటికొచ్చింది. ఆయన మొదటిసారి నోరు తెరిచి, ఎంత అని అడిగాడు.

"పంతొమ్మిది."

మూడు పాయింట్లే ఎక్కువ. పంతొమ్మిదంటే చాలామంది పోసేస్తారు. పోశాక ఏమీ కాకపోవచ్చు కూడా. పనివాళ్లందరూ ఆమెనే చూస్తున్నారు. గాలి తగిలితే ఆరుతుందన్న మాట గొంతుదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసి, అలాగే నిలబడింది.

సెవెరిన్ ఆమె వైపు చూడలేదు. కిటికీలోంచి వంగి, పంపు ఆపమన్నాడు.